చింతామన్ దేశ్‌ముఖ్ - దేశం పద్దు చూసిన మనిషి

మీ దగ్గర పది రూపాయల నోటు గాని, వంద రూపాయల నోటు గాని ఉంటే ఒకసారి తీసి చూడండి. దాని మీద భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది. ఆ సంతకం ఉన్నందువల్లనే ఆ కాగితానికి విలువ. రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పని ప్రారంభించింది. దానికి మొదటి ఇద్దరు గవర్నర్లూ భారతీయులు కారు. 1943లో మొట్టమొదటి సారిగా ఒక భారతీయుడి సంతకంతో నోట్లు రావడానికి దారి ఏర్పడింది. ఆయన పేరు చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. తెలుగువారికి ఆయన మరో విధంగా కూడా తెలుసు. రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగిన దుర్గాబాయమ్మగారి భర్త ఆయన.

రాజుల గురించి, ఉద్యమ నాయకుల గురించి మనం చాలా చదువుకున్నాం. లెక్కల పుస్తకం ముందు కూర్చుని దేశానికి సేవ చేసినవారి గురించి చదవడం తక్కువ. ఈ పాఠంలో అటువంటి ఒక మనిషి జీవితం చదవబోతున్నారు. చదువుతూ ఉండగా కొన్ని ఆర్థిక విషయాలు కూడా వస్తాయి. భయపడనక్కర లేదు. ఇంటి ఖర్చు రాసుకునే వారెవరికైనా అవి అర్థమయ్యేవే.

బాల్యం, చదువు

మహారాష్ట్రలో రాయగడ కోటకు దగ్గరగా, మహాడ్ సమీపంలో నాతే అనే చిన్న ఊరు ఉంది. 1896 జనవరి 14న దేశ్‌ముఖ్ అక్కడ పుట్టారు. తండ్రి ద్వారకానాథ్ గణేశ్ దేశ్‌ముఖ్ రోహా పట్టణంలో వకీలు. తల్లి భాగీరథీబాయి. 1912లో బొంబాయి విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన మొదటి స్థానంలో నిలిచారు. సంస్కృతానికి ఇచ్చే జగన్నాథ్ శంకర్‌సేట్ విద్యార్థి వేతనం కూడా ఆయనకే వచ్చింది. తరువాత ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం చదివారు. 1917లో వృక్షశాస్త్రంలో బహుమతి పొందారు. ముందు ముందు దేశానికి ఆర్థికమంత్రి కాబోయే ఆ యువకుడు కళాశాలలో చదివినది మొక్కల గురించి అన్న సంగతి గమనించండి. మొక్కల మీద ఆ ఇష్టం ఆయనకు చివరిదాకా పోలేదు.

1918లో లండన్‌లో జరిగిన ఐ.సి.ఎస్. పరీక్షలో ఆయనదే మొదటి స్థానం. 1920లో రోసినా అనే ఆంగ్ల యువతిని వివాహం చేసుకున్నారు. వారికి ఒక కుమార్తె. ఉద్యోగం మధ్య పరగణాలు, బేరార్‌లో వచ్చింది. అక్కడ ఆయన భూమి శిస్తు నిర్ణయించే సెటిల్‌మెంటు పని చేశారు. ఈ పని చేసే అధికారి ఊరూరా తిరగాలి. ఏ పొలంలో ఏం పండుతుందో, రైతుకు ఏం మిగులుతుందో, ఎంత అప్పు ఉందో చూడాలి. తరువాత ఆయన ఆ పరగణాలకు ఆర్థిక కార్యదర్శి అయ్యారు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండు టేబుల్ సమావేశానికి కార్యదర్శులలో ఒకరుగా పనిచేశారు. పల్లెలో శిస్తు లెక్క దగ్గర మొదలై, పరగణా బడ్జెట్టు మీదుగా ఆయన అనుభవం పెరిగింది.

యుద్ధకాలం, నోట్లు

1939 జూలైలో ఆయన రిజర్వు బ్యాంకుకు వచ్చారు. కొద్ది నెలల్లో బ్యాంకు కేంద్ర బోర్డుకు కార్యదర్శి, 1941 డిసెంబరులో డిప్యూటీ గవర్నరు అయ్యారు. గవర్నరు సర్ జేమ్స్ టేలర్ 1943 ఫిబ్రవరిలో మరణించడంతో ఆ పదవి ఖాళీ అయింది. ఆ సంవత్సరం ఆగస్టు 11న దేశ్‌ముఖ్ గవర్నరుగా బాధ్యత స్వీకరించారు.

అది ఎటువంటి సమయమో చూడండి. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతోంది. బెంగాలులో ఘోరమైన కరువు. అందులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. పంట కొంత దెబ్బతిన్న మాట నిజమే. బర్మా నుంచి బియ్యం రావడం ఆగిపోయిన మాటా నిజమే. అయితే దాని వెనుక డబ్బు సంగతి కూడా ఉంది. దీన్ని కొంచెం నిదానంగా అర్థం చేసుకుందాం.

బ్రిటన్ యుద్ధం కోసం మన దేశంలో ధాన్యం, గుడ్డ, తోలు, ఉక్కు, ఇంకా ఎన్నో సరుకులు కొన్నది. ఆ సరుకుల ధర రూపాయల్లో ఇవ్వాలి. కాని బ్రిటన్ దగ్గర రూపాయలు లేవు. అందుచేత ఏం చేసిందంటే, లండన్‌లో రిజర్వు బ్యాంకు ఖాతాలో స్టెర్లింగు, అంటే పౌన్లు, జమ రాసింది. ఆ జమ చూపించి ఇక్కడ రిజర్వు బ్యాంకు కొత్త నోట్లు అచ్చు వేసింది. ఆ నోట్లతో సరుకు అమ్మినవారికి డబ్బు ఇచ్చారు. లండన్‌లో ఉన్న జమను యుద్ధం ముగిసే దాకా మనం వాడుకోవడానికి వీలు లేదు.

ఒక ఊరి సంత ఊహించుకోండి. సంతకు వచ్చిన ధాన్యంలో సగం బండ్ల మీద ఎవరో తీసుకుపోయారు. బదులుగా జనం చేతిలో నోట్లు పెట్టారు. మిగిలిన సగం ధాన్యాన్ని ఇప్పుడు రెట్టింపు నోట్లతో జనం కొనాలి. ధర ఏమవుతుంది? పెరుగుతుంది. భూమి ఉన్నవాడు, సరుకు నిలవ చేసినవాడు బాగుపడతాడు. కూలి డబ్బు మీద బతికేవాడికి తిండి దొరకదు. సరుకులు తగ్గి చలామణిలో డబ్బు పెరిగినప్పుడు ధరలన్నీ పెరగడాన్ని ద్రవ్యోల్బణం అంటారు. యుద్ధానికి ముందు దేశంలో చలామణిలో ఉన్న నోట్ల విలువ 200 కోట్ల రూపాయల లోపు. యుద్ధం ముగిసే నాటికి అది 1,100 కోట్లు దాటింది. ధరలు రెండు రెట్లకు మించి పెరిగాయి.

ఈ నోట్ల మీద సంతకం చేయవలసిన స్థానంలో దేశ్‌ముఖ్ ఉన్నారు. నిర్ణయాలు లండన్‌లోను, ఢిల్లీలోను జరిగేవి. గవర్నరు వాటిని కాదనగలిగే కాలం కాదు అది. ఆయన మీద ఈ విషయంలో విమర్శ చేసినవారు ఉన్నారు. విమర్శలో కొంత న్యాయం ఉంది కూడా. కాని అదే సమయంలో ఆయన మరో పని పట్టుకున్నారు. లండన్‌లో పోగుపడుతున్న మన డబ్బును ఎలా రాబట్టడం? యుద్ధం ముగిసే నాటికి అది 1,700 కోట్ల రూపాయల వరకు చేరింది. ప్రజల తిండిలో నుంచి, గుడ్డలో నుంచి తగ్గించి పోగు చేసిన సొమ్ము అది. దాన్ని తగ్గించి ఇవ్వాలని, కొంత మాఫీ చేయాలని బ్రిటన్‌లో కొందరు వాదించారు.

1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్ ఉడ్స్ అనే చోట 44 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు అక్కడే రూపుదిద్దుకున్నాయి. భారత ప్రతినిధి వర్గానికి నాయకుడు బ్రిటిషు ప్రభుత్వపు ఆర్థిక సభ్యుడు సర్ జెరెమీ రైస్‌మన్. సభ్యులలో దేశ్‌ముఖ్, షణ్ముఖం శెట్టి, ఎ.డి. ష్రాఫ్ ఉన్నారు. స్వాతంత్ర్యం రాని దేశపు మనుషులు స్వతంత్ర దేశాలతో సమానంగా కూర్చుని రెండు విషయాలు అడిగారు. స్టెర్లింగు నిలవల సంగతి కొత్త సంస్థ చూడాలన్నది ఒకటి. వెనుకబడిన దేశాల అభివృద్ధి ఆ సంస్థ లక్ష్యాలలో ఉండాలన్నది రెండోది. మొదటిది సాగలేదు. రెండోది వారు కోరిన మాటల్లో రాలేదు గాని, సభ్యదేశాలన్నిటి ఉత్పాదక వనరుల అభివృద్ధి అనే మాట ఒప్పందంలో చేరింది. ద్రవ్యనిధిలో భారతదేశానికి 40 కోట్ల డాలర్ల కోటా నిర్ణయించారు. ఆ జాబితాలో మనది ఆరో స్థానం. సోవియట్ యూనియన్ చేరకుండా ఉండిపోవడంతో మొదటి అయిదు దేశాలలో ఒకటిగా మనకు స్థానం దొరికింది. 1950లో పారిస్‌లో జరిగిన ఈ రెండు సంస్థల గవర్నర్ల సమావేశానికి దేశ్‌ముఖ్ అధ్యక్షులు.

1946 జనవరిలో ప్రభుత్వం 500, 1,000, 10,000 రూపాయల నోట్లను రద్దు చేసింది. 2016 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటిదీ అటువంటి ప్రయత్నమే. కాకపోతే ఆ రోజుల్లో ఇంత పెద్ద నోట్లు సామాన్యుల దగ్గర ఉండేవి కావు. దీనివల్ల నల్లధనం పెద్దగా బయటపడుతుందని దేశ్‌ముఖ్‌కు నమ్మకం లేదు. జరిగింది కూడా అదే. సుమారు 144 కోట్ల రూపాయల నోట్లలో 135 కోట్ల దాకా తిరిగి బ్యాంకులకు వచ్చేశాయి.

ఒక బ్యాంకు, రెండు దేశాలు

1947 ఆగస్టులో దేశం రెండుగా విడిపోయింది. భూమి పంచుకున్నట్టే సైన్యాన్ని, రైళ్లను, కాగితాలను, కుర్చీలను కూడా పంచుకున్నారు. రిజర్వు బ్యాంకు మాత్రం కొంతకాలం రెండు దేశాలకూ ఉమ్మడి బ్యాంకుగా ఉండాలని ఒప్పందం. పాకిస్తాన్ ప్రభుత్వం పేరు అదనంగా అచ్చువేసిన భారత నోట్లు అక్కడ చలామణి అయ్యాయి. రెండు దేశాలూ కాశ్మీరులో యుద్ధం చేస్తూ ఉండగా, రెండింటికీ బ్యాంకరు ఒకరే. ఉమ్మడి ఖజానాలో పాకిస్తాన్ వాటాగా 75 కోట్లు నిర్ణయించారు. అందులో 20 కోట్లు ముందే ఇచ్చారు. మిగిలిన 55 కోట్లు కాశ్మీరు తగవు కారణంగా భారత ప్రభుత్వం ఆపింది. గాంధీజీ ఉపవాసం చేస్తున్న రోజుల్లో, 1948 జనవరి మధ్యలో, ఆ డబ్బు విడుదల చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అన్నదమ్ములు వేరుపడిన ఇంట్లో పద్దులు రాసే గుమాస్తా పరిస్థితి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఏ పక్షం వారికీ అతని మీద పూర్తి నమ్మకం ఉండదు. 1948 జూలై 1న పాకిస్తాన్ తన సొంత కేంద్ర బ్యాంకు తెరుచుకోవడంతో ఈ ఏర్పాటు ముగిసింది.

1949 జనవరి 1న రిజర్వు బ్యాంకును జాతీయం చేశారు. అంతకు ముందు దాని వాటాలు ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉండేవి. అదే సంవత్సరం బ్యాంకింగు కంపెనీల చట్టం వచ్చింది. బ్యాంకులు ఇష్టం వచ్చినట్టు నడవకుండా తనిఖీ చేసే అధికారం ఆ చట్టం వల్ల రిజర్వు బ్యాంకుకు దక్కింది. యుద్ధకాలంలో పుట్టగొడుగుల్లా పుట్టి, కూలిపోయి, చిన్న పొదుపరుల డబ్బు ముంచిన బ్యాంకులను చూసిన తరువాత ఈ చట్టం అవసరం అందరికీ తెలిసింది. ఆ సంవత్సరం జూన్ 30న దేశ్‌ముఖ్ గవర్నరు పదవి నుంచి తప్పుకున్నారు. భార్య రోసినా మరణించినది కూడా 1949లోనే.

ఆర్థికమంత్రి

1950 మార్చిలో ప్రణాళికా సంఘం ఏర్పడింది. దేశ్‌ముఖ్ అందులో మొదటి సభ్యులలో ఒకరు. ప్రణాళికా సంఘం మంత్రివర్గం కన్న పెద్దదైపోతుందని అప్పటి ఆర్థికమంత్రి జాన్ మత్తాయ్‌కి అభ్యంతరం. ఆయన రాజీనామా చేశారు. ఆ స్థానంలో జూన్ 1న దేశ్‌ముఖ్ వచ్చారు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసి తరువాత ఆర్థికమంత్రి అయినవారు ఇద్దరే. దేశ్‌ముఖ్ మొదటివారు, 1991లో ఆ పదవికి వచ్చిన మన్మోహన్ సింగ్ రెండోవారు.

అదే సంవత్సరం ఆయన మరో చిక్కు పరిష్కరించారు. కేంద్రం వసూలు చేసే ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. దేశ విభజనతో పాత లెక్క చెల్లకుండా పోయింది. కొత్త లెక్క చెప్పే పని దేశ్‌ముఖ్‌కు అప్పగించారు. బొంబాయికి 21, ఉత్తరప్రదేశ్‌కు 18, మద్రాసుకు 17.5, పశ్చిమ బెంగాలుకు 13.5 శాతం చొప్పున ఆయన పంచారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. తరువాత రాజ్యాంగం ప్రకారం 1951లో మొదటి ఆర్థిక సంఘం ఏర్పడి ఈ పని చేపట్టింది. ఇప్పటికీ అటువంటి సంఘాలే ఆ పని చేస్తున్నాయి.

ఆయన మంత్రి అయ్యేసరికి దేశం పరిస్థితి ఏమిటి? తిండి గింజలు చాలవు. 1951లో అమెరికా నుంచి 19 కోట్ల డాలర్ల అప్పు మీద 20 లక్షల టన్నుల ధాన్యం తెచ్చుకోవలసి వచ్చింది. కొరియా యుద్ధం వల్ల ప్రపంచమంతటా ధరలు పెరిగాయి. లక్షలాది కాందిశీకులకు నీడ చూపాలి. ఇటువంటప్పుడు ప్రభుత్వం ముందు రెండు దారులు ఉంటాయి. నోట్లు అచ్చు వేసి పెద్ద పెద్ద పనులు మొదలుపెట్టడం ఒకటి. ముందు ధరలు అదుపులోకి తెచ్చి, చేతిలో ఉన్నంతలో పనులు ఎంచుకోవడం రెండోది. 1943లో ఏం జరిగిందో కళ్లారా చూసిన దేశ్‌ముఖ్ రెండో దారి పట్టారు. 1951 నవంబరులో రిజర్వు బ్యాంకు తన వడ్డీ రేటును 3 నుంచి 3.5 శాతానికి పెంచింది. 1935 తరువాత ఆ రేటు మారడం అదే మొదటిసారి. అర శాతమే కదా అనుకోకండి. అప్పు ఇకమీద చవక కాదని వ్యాపారులకు అది తెలియజేసింది. సరుకు దాచినవారు బయటికి తీయడం మొదలుపెట్టారు.

మొదటి పంచవర్ష ప్రణాళిక 1951 నుంచి 1956 వరకు సాగింది. మొదట అనుకున్న ఖర్చు 2,069 కోట్ల రూపాయలు. అందులో నీటిపారుదల, విద్యుత్తుకు 27 శాతం, రవాణాకు 24 శాతం, వ్యవసాయానికి, సమాజ వికాసానికి 17 శాతం పైగా కేటాయించారు. పరిశ్రమలకు 8.4 శాతమే. ఇది చాలా చిన్న ప్రణాళిక అని, ధైర్యం చాలని ప్రణాళిక అని అప్పట్లో విమర్శించారు. ఆ విమర్శ నాకు సరి అనిపించదు. ఆకలితో ఉన్న దేశానికి ముందు నీరు, గింజ కావాలి. తిండి ధర నిలకడగా లేకపోతే ఫ్యాక్టరీ కట్టినా అందులో పనిచేసేవాడి కూలి చాలదు. ప్రణాళిక ముగిసేసరికి జాతీయాదాయం సుమారు 18 శాతం పెరిగింది. అనుకున్నది 11 శాతమే. తిండి గింజలు 5 కోట్ల టన్నుల దగ్గర నుంచి ఆరున్నర కోట్ల టన్నులు దాటాయి. ధరలు ప్రణాళిక మొదట్లో ఉన్నదానికన్న తగ్గాయి. అయితే ఈ ఘనతలో మంచి వానలకు కూడా వాటా ఇవ్వాలి. 1953-54లో వానలు బాగా పడ్డాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినది కూడా ఈ ప్రణాళిక చివరి రోజుల్లోనే.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మీ ఇంట్లో ఈ సంవత్సరం ఆదాయం తక్కువగా ఉంది. ఇల్లు బాగు చేయించాలి, బోరు వేయించాలి, పిల్లను కాలేజీకి పంపాలి. అప్పు చేసి మూడూ ఒకేసారి మొదలుపెడతారా? ఒకటి ముందు ఎంచుకుంటే ఏది ఎంచుకుంటారు? ఎందుకు? మీ జవాబు నోటుపుస్తకంలో రాయండి.

పల్లెకు బ్యాంకు

దేశ్‌ముఖ్ కాలంలో జరిగిన మార్పులలో సామాన్యుడికి అన్నిటికన్న దగ్గరగా వచ్చినది స్టేట్ బ్యాంకు. 1951లో రిజర్వు బ్యాంకు గ్రామీణ పరపతి సర్వే మొదలుపెట్టింది. పరపతి అంటే అప్పు దొరికే వీలు. దేశమంతటా ఎన్నో గ్రామాల్లో రైతులను అడిగి వివరాలు సేకరించారు. 1954లో నివేదిక వచ్చింది. రైతు చేసే అప్పులో ప్రభుత్వం ఇచ్చేది 3.3 శాతం, సహకార సంఘాలు ఇచ్చేది 3.1 శాతం, బ్యాంకులు ఇచ్చేది ఒక శాతం కన్న తక్కువ. వడ్డీ వ్యాపారులు ఇచ్చేది సుమారు 70 శాతం! ఈ అంకెలు చూస్తే నాటి రైతు ఎవరి గుప్పెట్లో ఉన్నాడో వేరే చెప్పనక్కర లేదు.

అప్పటికి దేశంలో పెద్ద బ్యాంకు ఇంపీరియల్ బ్యాంకు. 1921లో కలకత్తా, బొంబాయి, మద్రాసు బ్యాంకులను కలిపి ఏర్పాటు చేసినది. అది పట్టణాలను, పెద్ద వ్యాపారులను దాటి రాలేదు. సర్వే సిఫారసు మేరకు 1955 జూలై 1న అది భారతీయ స్టేట్ బ్యాంకుగా మారింది. అయిదేళ్లలో 400 కొత్త శాఖలు తెరవాలని చట్టం ద్వారా బాధ్యత పెట్టారు. గడువు నాటికి అంతకన్న కొన్ని ఎక్కువే తెరిచారు. లాభం లేని చోట శాఖ తెరవమని వ్యాపార బ్యాంకును బతిమాలితే పని జరగదు. ఎవరు నష్టం భరిస్తారో ముందే తేల్చి పని అప్పగించారు. ఇందులో దేశ్‌ముఖ్ పరిపాలనా అనుభవం కనిపిస్తుంది.

నిజాం కాలంలో 1941లో ఏర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు కూడా 1956లో రిజర్వు బ్యాంకు అధీనంలోకి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయే దాకా తెలుగు జిల్లాల్లో ఎందరో రైతులకు, ఉద్యోగులకు అదే మొదటి బ్యాంకు. మీకు దగ్గరలో ఉన్న స్టేట్ బ్యాంకు శాఖకు వెళ్లినప్పుడు ఆ శాఖ ఏ సంవత్సరం తెరిచారో అడిగి చూడండి.

రెండో పెద్ద మార్పు జీవిత బీమా. అప్పట్లో 245 సంస్థలు, అంటే బీమా కంపెనీలు, ప్రావిడెంటు సంఘాలు ఈ వ్యాపారం చేసేవి. కొన్ని నిజాయితీగా నడిచాయి. మరికొన్నింటిలో పాలసీదారుల సొమ్ము యజమానుల ఇతర వ్యాపారాలకు మళ్లింది. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ఈ సంగతి బయటపెట్టారు. 1956 జనవరి 19 రాత్రి దేశ్‌ముఖ్ రేడియోలో మాట్లాడి, జీవిత బీమా నిర్వహణను ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా స్వాధీనం చేసుకుంటున్నట్టు ప్రకటించారు. ముందుగా తెలిస్తే సొమ్ము జారిపోతుందని ఏర్పాట్లన్నీ గుట్టుగా చేశారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. కంపెనీల నిర్వహణకు సంబంధించిన 1956 కంపెనీల చట్టాన్ని పార్లమెంటులో నడిపించినది కూడా ఆయనే. బీమా రంగంలోకి ప్రైవేటు కంపెనీలను మళ్లీ అనుమతిస్తూ 1999లో చట్టం వచ్చింది. ప్రభుత్వ సంస్థ, ప్రైవేటు కంపెనీలు ఇప్పుడు పక్కపక్కనే పనిచేస్తున్నాయి.

ఆయన లెక్కలో తేడా వచ్చిన చోటు కూడా చెప్పుకోవాలి. రెండో ప్రణాళిక 4,800 కోట్లది. భారీ పరిశ్రమలకు ప్రాధాన్యం ఇచ్చే ఆ ప్రణాళికకు ఆలోచన ప్రొఫెసర్ మహలనోబిస్‌ది. అందులో 1,200 కోట్లు లోటు బడ్జెట్టు ద్వారా, అంటే చాలా వరకు కొత్త డబ్బు సృష్టించి, సమకూర్చాలని అనుకున్నారు. నోట్ల సంగతి ఇంత బాగా తెలిసిన ఆర్థికమంత్రి దానికి ఒప్పుకున్నారు. ప్రణాళిక మొదలైన రెండేళ్లకే యంత్రాల దిగుమతికి విదేశీ మారక ద్రవ్యం కరిగిపోయింది. యుద్ధకాలంలో అంత కష్టంతో పోగుపడిన స్టెర్లింగు నిలవలు అలా ఖర్చయ్యాయి. 1958లో సాయం కోసం ఇతర దేశాల కూటమిని ఆశ్రయించవలసి వచ్చింది. అప్పటికి ఆయన పదవిలో లేరు గాని ఆ ప్రణాళికకు ఆమోదం తెలిపిన వారిలో ఆయన ఉన్నారు.

రాజీనామా

1952 ఎన్నికల్లో దేశ్‌ముఖ్ తన సొంత జిల్లా కొలాబా నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత భాషా రాష్ట్రాల కోరిక దేశమంతటా బలపడింది. మరాఠీ మాట్లాడే వారు బొంబాయి నగరంతో కూడిన మహారాష్ట్ర కావాలన్నారు. 1956 జనవరి 16న నెహ్రూ బొంబాయి నగరాన్ని కేంద్ర పాలనలో ఉంచుతున్నట్టు ప్రకటించారు. నగరంలో అల్లర్లు జరిగాయి. పోలీసు కాల్పుల్లో చాలామంది చనిపోయారు.

తేదీలు గమనించారా? 16న ఈ ప్రకటన, 19న బీమా ఆర్డినెన్సు. ఒక పక్క తాను రహస్యంగా సిద్ధం చేసిన పెద్ద పని పూర్తవుతోంది. మరో పక్క తనను ఎన్నుకున్న ప్రజల మీద తుపాకులు పేలుతున్నాయి. దేశ్‌ముఖ్ ఆ నెలలోనే రాజీనామా సిద్ధం చేశారు. బడ్జెట్టు పని, ప్రణాళిక పని ఉన్నందువల్ల అది వెంటనే ఆమోదం కాలేదు. జూలైలో ఆయన పదవి విడిచారు. బొంబాయి నిర్ణయం మంత్రివర్గంలో సరిగా చర్చించకుండానే జరిగిందని, కాల్పుల మీద న్యాయవిచారణ జరపలేదని ఆయన లోక్‌సభలో తన కారణాలు చెప్పారు. నెహ్రూ దానికి ఒప్పుకోలేదు. ఆరేళ్లు కలిసి పనిచేసిన ఇద్దరి మధ్య సభలో అందరి ఎదుటా ఈ తేడా వచ్చింది. రాజకీయ పక్షం నిర్మించుకోవడం, జనాన్ని వెంట తిప్పుకోవడం దేశ్‌ముఖ్‌కు రాని విద్య. పదవి తప్ప ఆయనకు వేరే బలం లేదు. ఆ పదవినే వదులుకున్నారు. బొంబాయి నగరం రాజధానిగా మహారాష్ట్ర 1960 మే 1న ఏర్పడింది.

దుర్గాబాయి, హైదరాబాదు

దుర్గాబాయి కథ వేరే పాఠంగా చదవదగినది. బాల్యంలోనే పెళ్లి చేశారు. ఊహ తెలిసిన తరువాత ఆ బంధంలో నుంచి బయటికి వచ్చారు. 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన బాలిక ఆమె అని చెప్పుకుంటారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ప్రైవేటుగా చదివి బెనారసు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, మద్రాసు లా కళాశాలలో చదివి వకీలు అయ్యారు. బడి మానేసిన ఆడవాళ్లను అదే బెనారసు పరీక్షకు తయారు చేయడానికి ఆమె పెట్టిన తరగతులే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెరగడానికి మూలం. ఇంటి దగ్గర కూర్చుని పరీక్షకు చదువుతున్న మీకు ఆ తరగతుల అవసరం ఎటువంటిదో తెలుసు.

ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలు, 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలు. 1953 జనవరి 22న దేశ్‌ముఖ్, దుర్గాబాయి వివాహం జరిగింది. సాక్షులలో నెహ్రూ ఒకరు. వరుడికి 57 ఏళ్లు, వధువుకు 43. ఆ ఏడాదే ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె అధ్యక్షురాలు అయ్యారు.

మంత్రిపదవి విడిచిన తరువాత దేశ్‌ముఖ్ విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులుగా 1961 వరకు, ఢిల్లీ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా 1962 నుంచి 1967 వరకు పనిచేశారు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పాలక మండలికి కొన్నేళ్లు అధ్యక్షులు. 1959లో ఆయనకు రామన్ మెగసెసే బహుమతి వచ్చింది. కాళిదాసు మేఘదూతాన్ని మరాఠీలోకి అనువదించారు. సంస్కృతంలో కవిత్వం రాశారు.

1969లో ఆయన రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. స్వతంత్ర పార్టీ, జనసంఘం ఆయనను నిలబెట్టాయి. ఆ పోటీలో మిగిలిన ఇద్దరు ముఖ్యులు వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. ఇద్దరు తెలుగువారు, ఒక తెలుగింటి అల్లుడు! గిరి గెలిచారు. దేశ్‌ముఖ్ మూడో స్థానంలో మిగిలారు. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది.

చివరి సంవత్సరాలు ఇద్దరూ హైదరాబాదులో గడిపారు. 1981 మే 9న దుర్గాబాయి మరణించారు. 1982 అక్టోబరు 2న, 86వ ఏట, దేశ్‌ముఖ్ హైదరాబాదులోనే కన్నుమూశారు.

మీ అభ్యాసానికి: యుద్ధకాలంలో లండన్‌లో జమ అయిన డబ్బుకూ, ఇక్కడ పెరిగిన ధరలకూ సంబంధం ఏమిటో మీ ఇంట్లో చదువురాని పెద్దవారికి సంత ఉదాహరణతో చెప్పి చూడండి. వారు వేసిన ప్రశ్నలు రాసుకోండి. 1954 సర్వేలోని అంకెలు చూసి, ఈ రోజు మీ ఊళ్లో పదిమంది రైతులు అప్పు ఎక్కడ తెస్తున్నారో అడిగి ఆ లెక్క పక్కన వేయండి.